గని నేలపై పుష్ప కైంకర్యము



శ్రీవైష్ణవ సంప్రదాయమున శ్రీరంగము భోగమండపమనియు, కాంచీపురము త్యాగమండపమనియు, తిరుమల పుష్పమండపమనియు ప్రసిద్ధి గాంచినవి. ఆ కొండపై పూచిన ప్రతి పువ్వును స్వామిదే యను భావముతో అచ్చట యాత్రికులు సిగలో పూలు ముడుచుకొనరు. పువ్వులయెడ మన పూర్వులకు గల గౌరవము అట్టిది. అయితే కోవెలకు వెళ్లని పువ్వు సంగతి యేమి? మాలకు పనికిరాని పువ్వును పూయించుట కైంకర్యమగునా, కాదా?

గోదావరిఖనిలో ఒక వృద్ధురాలు నన్ను ఈ ప్రశ్న అడిగినది. ఆమె భర్త ముప్పది యేండ్లకు పైగా బొగ్గుబావిలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు. మనుమడు క్వార్టరు గుమ్మము ప్రక్కన బాటిల్ బ్రష్ మొక్కను నాటినాడు. మూడవ యేట అది యెఱ్ఱని కుచ్చులతో నిండుగా పూచినది. ఆమె ప్రాతఃకాలమున పూలసజ్జతో వెళ్లి ఒక కుచ్చును త్రుంచగా ఆ యెఱ్ఱదనమంతయు అరచేతిలో రాలిపోయినది. "అయ్యగారూ! ఇది దండకు రాదు, దేవుని పటము ముందర పూటయైనను నిలువదు, పరిమళము లేదు. పైగా ఏ దేశపు చెట్టో! తులసికి పోయవలసిన నీరు దీనికి పోయుట దండుగ గాదా?" అని ఆమె అడిగినది.

ఆమె సందేహము సహేతుకమైనది. పూజకు పనికివచ్చు పూలకు ఆగమములు నియమములు చెప్పినవి. దుర్గంధము గలది, పురుగు తినినది, వాసన చూచినది, పరుల తోటలో దొంగిలించినది అర్చనకు తగవు. పరిమళము గలవానికే పెద్దపీట. అన్నిటికంటెను తులసి స్వామికి ప్రియమైనది. ఈ నియమములను సడలింప మనకు అధికారము లేదు, అవసరమును లేదు. బాటిల్ బ్రష్ పువ్వును అర్చనకు తీసికొనిపొమ్మని నేను చెప్పుట లేదు.

ఇక "ఏ దేశపు చెట్టో" అను మాటను విచారింతము. ఆ చెట్టు జన్మస్థానము ఆస్ట్రేలియా. మన జామ, నేరేడులది, దానిది ఒకే వృక్షకుటుంబము. ఇప్పుడు బతుకమ్మలో పేర్చు బంతిపువ్వు ఎక్కడిది? మెక్సికో ప్రాంతమునుండి వచ్చినది. కోవెల ప్రాంగణములలో పూచు దేవగన్నేరు సైతము అమెరికా ఖండపుదే. ఆదరించి నీరు పోసిన నేలయే వానికి పుట్టినిల్లయినది. మరియొక విశేషము కలదు. గోదావరీ తీరమున త్రవ్వుచున్న ఈ బొగ్గు 25 కోట్ల యేండ్లకు పూర్వపు అడవి. నాలుకవంటి ఆకులు గల గ్లోసాప్టెరిస్ అను వృక్షజాతి ఆనాడు ఇచ్చట విరివిగా పెరిగినది. దాని శిలాజములు ఆస్ట్రేలియా బొగ్గుపొరలలోను దొరకుచున్నవి. ఏలయన, ఆనాడు మన భూమియు ఆ భూమియు గోండ్వానా అను ఒకే మహాఖండముగా కలిసియున్నవి. కావున పరాయిదనము మన దృష్టిలోనిదే గాని భూదేవి దృష్టిలోనిది కాదు.

అసలు సమాధానము మాత్రము తిరుమలలో కలదు. మహాద్వారము దాటి లోనికి వెళ్లు భక్తులు ఒకమారు తలయెత్తి చూచినచో అచ్చట వ్రేలాడు ఒక గడ్డపార కనుపించును. అది అనంతాళ్వారులదని సంప్రదాయము. భగవద్రామానుజులు శ్రీరంగమున శిష్యులను చూచి, తిరుమలకు పోయి శ్రీనివాసునికి పుష్పకైంకర్యము చేయగలవారెవరని ప్రశ్నింపగా, చలిగాలులకును అడవికిని వెఱువక లేచి నిలిచినవారు అనంతాళ్వారులు. వారు కొండపై నందనవనము పెంచి, దానికి నీటికై చెరువు త్రవ్వ నారంభించిరి. వారు త్రవ్వుచుండగా గర్భవతియైన భార్య మట్టి మోయుచుండెను. ఆమె శ్రమ చూడలేక స్వామి బాలుని రూపమున వచ్చి తట్ట అందుకొనెను. కైంకర్యములో పరుల సహాయము కూడదని దీక్ష పూనిన అనంతాళ్వారులు కోపించి గడ్డపార విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలినది. బాలుడు అదృశ్యుడయ్యెను. గర్భాలయమున మూలమూర్తి గడ్డమునుండి రక్తము స్రవించుట చూచి అనంతాళ్వారులు విలపించి, ఆ గాయముపై పచ్చకర్పూరము అద్దిరి. నేటికిని స్వామి గడ్డమున మనము దర్శించు పచ్చకర్పూరపు చుక్క దాని గురుతే.

ఈ కథను బొగ్గు ప్రాంతపు సోదరులకంటె బాగుగ ఎవరెరుగుదురు? గడ్డపార బరువు వారి చేతులకు తెలియును. అనంతాళ్వారులు చెరువు త్రవ్వుట తప్పు కాదు, అది సేవ. అయినను ఆ సేవలోనే గాయము కలిగినది. వారు గాయమును చూచి ముఖము త్రిప్పుకొనలేదు. త్రవ్విన చేతితోనే కర్పూరము అద్దిరి. స్వామి ఆ గురుతును చెరిపివేయక శాశ్వతముగ ధరించెను. భక్తుని తొందరపాటును, పశ్చాత్తాపమును, సేవను మూడింటిని స్వామి ఒక్క చుక్కలో నిలుపుకొనెను.

సింగరేణి నేలను చూడుడు. 1871లో ఇల్లందు ప్రాంతమున బొగ్గు నిక్షేపములు వెలుగులోనికి వచ్చినవి. 1920లో ఆ గనుల సంస్థకు సింగరేణి కాలరీస్ అను పేరు స్థిరపడినది. రామగుండమున బావులు వెలసినవి. తరువాత ఓపెన్‌కాస్టు గనులు వచ్చినవి. బొగ్గుపొర చేరుటకు పైనున్న మట్టిని, రాతిని పెకలించి గుట్టలుగా పోయుదురు. ఆ గుట్టలలో సారము లేదు, వాననీరు నిలువదు. వేసవిలో ఎండ నలుబదియైదు డిగ్రీలకు చేరు ఆ ప్రాంతమున నీడలేని రాతిగుట్ట యెట్లుండునో ఊహింపవచ్చును. ఇది కార్మికుని దోషము కాదు. 1983లో ఆరంభమైన రామగుండము విద్యుత్కేంద్రపు వెలుగు దక్షిణదేశమంతట వ్యాపించినది. మన పూజామందిరపు విద్యుద్దీపమును ఆ బొగ్గు ఋణమును ఎరుగనిది కాదు. కావున గాయము అచ్చటిదే యైనను ఋణము మనయందరిది.

భగవద్రామానుజుల సిద్ధాంతమున చేతనములు, అచేతనములు అన్నియు పరమాత్మకు శరీరము. ఈ మాటను నోటితో వల్లించుట సులభము. నిజముగ నమ్మినవానికి గనిగుట్టయు స్వామి శరీరమే. దానిపై గాయము స్వామి గడ్డముపై గాయమే. అచ్చట నాటిన మొక్కయే పచ్చకర్పూరము. గోదాదేవి భూదేవి అంశయనియు, విష్ణుచిత్తుల తులసివనమున మట్టిలో దొరకినదనియు మనము నమ్ముచున్నాము గదా! ఆ తల్లి నేలను పచ్చగ నుంచుట ఆమె పాదసేవయే.

ఇప్పుడు ఆ యెఱ్ఱని కుచ్చును మరల చూడుడు. మనము పువ్వని భావించునది రేకులు కావు. అనేకములైన చిన్న పూల కేసరములు. అందు తేనె గలదు. ప్రాతఃకాలమున తేనెపిట్టలు, తేనెటీగలు దానిని ఆశ్రయించును. అనగా మనకు ఆడంబరముగ తోచినది వానికి అన్నసత్రము. పూవు రాలిన పిదప కాయలు కొమ్మచుట్టు పూసలవలె అంటుకొని యేండ్ల తరబడి నిలుచును. కొమ్మ మాత్రము పూవు చివరనుండియే మరల చిగిర్చి ముందుకు సాగును. చేసిన సేవ చోటనే ఆగిపోక, దానినుండి మరియొక సేవకు సాగుమని ఆ కొమ్మ మనకు బోధించుచున్నది.

కైంకర్యమునకు శ్రద్ధతోపాటు నేర్పును కావలెను. వైశాఖ జ్యేష్ఠములలో రెండడుగుల గుంత త్రవ్వి ఎండనిచ్చి, ఎఱ్ఱమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. తొలకరి తడిసిన పిదప నాటవలెను. ఎండ తగులు చోటు, నీరు నిలువని నేల బాటిల్ బ్రష్‌కు ఇష్టము. మొదటి రెండు వేసవులు నీరు తప్పనిసరి. మొదట ఎండుటాకులు కప్పిన తేమ నిలుచును. మేకలనుండి కంచె కట్టవలెను. పూత ముగియగనే పూకొమ్మల చివరలు కత్తిరింపవలెను. ఆకులేని ముదురుకొమ్మను నరుకరాదు. మేలో మంటవలె పూచు తురాయి మడగాస్కరు ద్వీపపుది. దాని వేళ్లు పైపైన పాకును, గాలివానకు కొమ్మలు విరుగును. కావున గోడలకు, కరెంటు తీగలకు దూరముగ నాటవలెను. గన్నేరు అందమైనదే గాని దాని ప్రతి భాగము విషము. పశువులకు, పసిపిల్లలకు అందరాదు. విశాలమైన చోట్ల మన అడవి బిడ్డలైన మోదుగ, రేల చెట్లను మరువరాదు. మాఘ ఫాల్గుణములలో మోదుగ, వైశాఖమున రేల పూచిన గోదావరీతీరము చూచినవారి కన్నులు ధన్యములు.

ఒక్క హెచ్చరిక. మొక్క నాటునాడు పదిమంది చేరుదురు; ఛాయాచిత్రములు తీయించుకొందురు. చైత్రమున నీరు పోయువాడు ఒక్కడే యుండును. అనంతాళ్వారుల గొప్పతనము శ్రీరంగమున లేచి నిలుచుటలో మాత్రమే లేదు. కొండపై తోటను కడవరకు సాకుటలో కలదు. నాటి మరచిన మొక్క యెండినచో అది పరిమళములేని పువ్వుకంటె హీనము.

ఆ వృద్ధురాలికి నేను ఇట్లు చెప్పితిని: "అమ్మా! తులసికి పోయు నీటిని తగ్గింపవద్దు. బియ్యము కడిగిన నీరు దీనికి పోయుము. దీని పూవును త్రుంచవద్దు. కొమ్మననే స్వామికి సమర్పింపుము. రాత్రి షిఫ్టు ముగించి వచ్చు కార్మికుడు దీనిని చూచి ఒక్క నిమిషము నిలిచినచో, తేనెపిట్ట కడుపు నిండినచో, నీ అర్చన ముగిసినట్లే." ఆమె భర్త అంతవరకు మాటాడక కూర్చుండినవాడు లేచి, "ఇన్నేండ్లు త్రవ్వితిని. ఇక కొన్నాళ్లు పోయుదును" అని బిందె అందుకొనెను. ఇంతకుమించిన వ్యాఖ్యానము నాకు తెలియదు.

గనిప్రాంత గృహస్థులారా! దూరమున నుండి ఆ వెలుగు ననుభవించు గృహస్థులారా! రాబోవు తొలకరికి ఇంటికొక్క చెట్టు స్వామి గడ్డమున కర్పూరమని భావించి నాటుదుము, నాటినదానిని కాపాడుదుము. భూదేవీ సమేతుడైన శ్రీనివాసుడు మన చేతులకు ఓర్పును, మన నేలకు పచ్చదనమును ప్రసాదించుగాక!

శ్రీనివాసార్పణమస్తు.