బందీ విడుదలకు వెల ఎవరు చెల్లించాలి?



2012 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కలెక్టరు అలెక్స్ పాల్ మీనన్ గారిని మావోయిస్టులు అపహరించినప్పుడు, మా సంఘపు బుధవారపు కూడికలో ఆయన విడుదల కొరకు ప్రార్థించాము. కూడిక ముగిసిన తరువాత, కొడుకు కానిస్టేబులుగా ఉన్న ఒక తల్లి మా యొద్దకు వచ్చి, "మాస్టారూ, ఆ రోజు చంపబడిన ఇద్దరు అంగరక్షకుల ఇండ్లవారి కొరకు ఒక్కరూ ప్రార్థించలేదేమి?" అని అడిగినది. మేము జవాబు చెప్పలేకపోయాము.

బందీల కొరకు ఖైదీలను విడిచిపెట్టుట న్యాయమా? అట్లు చేస్తే అపహరణలు పెరుగవా? ఇది మనకు దూరపు సంగతి కాదు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యములోని గుర్తేడు వద్ద ఎస్.ఆర్.శంకరన్ గారు మొదలైన ఐ.ఎ.ఎస్. అధికారులను పీపుల్స్‌వార్ వారు పట్టుకొనిపోయి, జైలులోని తమవారిని విడిపించుకొన్న తరువాతనే వదిలిపెట్టారు. 1989 డిసెంబరులో కేంద్ర హోం మంత్రి కుమార్తె కొరకు కాశ్మీరులో ఐదుగురిని, 1999 డిసెంబరులో విమాన ప్రయాణికుల కొరకు కాందహారులో ముగ్గురిని ప్రభుత్వము విడిచిపెట్టినది. ఆ ముగ్గురిలో ఒకడైన మసూద్ అజహర్ 2000లో జైషే మహమ్మద్‌ను స్థాపించాడు. 2011 ఫిబ్రవరిలో ఒడిశాలోని మల్కనగిరి కలెక్టరు, మన తెలుగువాడైన ఆర్.వినీల్ కృష్ణ గారు చర్చల తరువాత క్షేమముగా వచ్చారు. మరుసటి ఏడాదే ఒడిశాలో ఇద్దరు ఇటలీ దేశస్థులు, ఒక శాసనసభ్యుడు, తరువాత సుక్మా కలెక్టరు అపహరింపబడ్డారు. ఒకసారి పనిచేసిన ఉపాయమును మరల వాడుట మనుష్య స్వభావము. బడిలో పంతము పట్టిన పిల్లవాని విషయములో కూడ మేము దీనిని చూచియున్నాము.

అయితే లొంగకపోతే అపహరణలు ఆగుతాయా? 2000 జూలైలో కన్నడ నటుడు రాజ్‌కుమార్ గారిని వీరప్పన్ అపహరించాడు. టాడా ఖైదీలపై కేసులు ఎత్తివేయుటకు కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలు సిద్ధపడగా, వీరప్పన్ చేతిలో హతుడైన ఒక పోలీసు అధికారి తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్ళి దానిని ఆపించాడు. ఖైదీలు విడుదల కాకపోయినను 108 దినముల తరువాత రాజ్‌కుమార్ గారు ఇల్లు చేరారు. అయినను 2002లో వీరప్పన్ మాజీ మంత్రి నాగప్ప గారిని పట్టుకొనిపోయాడు. ఆయన శవమే దొరికినది. కాబట్టి ఖైదీల విడుదల ఒక్కటే అపహరణలకు కారణమని చెప్పుటకు వీలులేదు.

ఇంకొక సంగతి. ఆ టాడా ఖైదీలలో అత్యధికులను 2001లో మైసూరు ప్రత్యేక న్యాయస్థానము నిర్దోషులని విడిచిపెట్టినది. వారిలో అనేకులు ఏండ్ల తరబడి జైలులో మ్రగ్గినవారు. ఆ తండ్రి కన్నీరు న్యాయమైనదే, ఈ నిర్దోషుల కన్నీరును న్యాయమైనదే. విచారణ సకాలములో జరిగియుంటే బేరమునకు వీరు దొరికియుండేవారు కారు.

మేము గ్రహించినది ఇది. మాట్లాడుట తప్పు కాదు. ప్రాణము నిలుపుటకు అడవిలోనికి వెళ్ళు మధ్యవర్తిని నిందింపరాదు. నిర్దోషిని విడుచుటకు ఎవరి తుపాకియు అవసరము కాకూడదు. హంతకుని విడిచిపెట్టునప్పుడు మాత్రము వెల చెల్లించువాడు మంత్రి కాడు, అధికారి కాడు. రేపు ఏదో ఊరిలో, ఎవరికిని తెలియని ఒక కాపలావాడు చెల్లిస్తాడు. మనము నమ్మిన ప్రభువు విమోచన క్రయధనముగా తన్ను తానే ఇచ్చుకొనెను గాని, ఇతరుల ప్రాణమును ఇయ్యలేదు. ఆ భేదమును మరువరాదు.

అట్లని, బందీ మన బిడ్డయే అయితే ఈ మాటలు ఇంత నిబ్బరముగా వ్రాయగలమా? వ్రాయలేము. అందుచేతనే ఇట్టి నిర్ణయము తల్లిదండ్రుల మీద గాని, బందీ హోదాను బట్టి గాని ఉండరాదు. కలెక్టరుకు ఒక న్యాయము, కానిస్టేబులుకు ఒక న్యాయము ఉండరాదు.

ఆ తల్లికి మేము ఇయ్యగలిగిన జవాబు ఇంతే. ఆ తరువాతి బుధవారము ఆ ఇద్దరి ఇండ్లవారి కొరకు మొదట ప్రార్థించాము. మీ సంఘములలో కూడ అట్టివారిని జ్ఞాపకము చేసికొనవలెనని కోరుచున్నాము.