కొరత చూపే దీపం

కారు మీటర్ బోర్డు మీద, అలల్లో నిలబెట్టిన థర్మామీటర్ లాంటి గుర్తు ఎర్రగా వెలుగుతుంది. కొన్ని కార్లలో కూలెంట్ తగ్గిందని దాని అర్థం. బానెట్ ఎత్తి చూస్తే డబ్బా నిండుగానే ఉంటుంది. మెకానిక్ షెడ్డుల్లో తరచూ ఎదురయ్యే వ్యవహారమే ఇది. కానీ ఈ చిన్న అబద్ధం వెనక మన దర్శనాలు శతాబ్దాల తరబడి వాదించుకున్న ప్రశ్న ఒకటి ఉంది: మనకు కలిగిన జ్ఞానం తప్పని మనకెలా తెలుస్తుంది?

ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు తన శ్లోకవార్తికంలో దీనికి జవాబు చెప్పాడు. జ్ఞానం పుట్టడమే ప్రమాణంగా పుడుతుంది. దాన్ని నమ్మడానికి వేరే సాక్ష్యం వెతకనక్కర్లేదు. అది అబద్ధమని తేలాలంటే మాత్రం బయటి నుంచి ఏదో రావాలి. వస్తువు అలా లేదని చూపే మరో జ్ఞానమైనా కలగాలి, ఆ జ్ఞానాన్ని పుట్టించిన సాధనంలో దోషమైనా బయటపడాలి. మొదటిది బాధక జ్ఞానం, రెండోది కరణ దోషం. నైయాయికులు దీన్ని ఒప్పుకోరు, నిజమని తేలడానికి కూడా పరీక్ష కావాలంటారు. గ్రంథాల్లో ఆ వాదం ఎటు మొగ్గినా, మే నెల ఎండలో విజయవాడ రహదారి మీద ఈ దీపం వెలిగితే నేను కుమారిలుడి పక్షమే. కాదని తేలేదాకా ఆ దీపాన్ని నమ్మాలి. కూలెంట్ నిజంగానే పోయిన ఇంజను కొన్ని నిమిషాల్లోనే పాడైపోవచ్చు. హెడ్ వంగుతుంది, గాస్కెట్ కాలిపోతుంది. టెంపరేచర్ సూది మామూలుగానే ఉంది కదా అని ధైర్యం చెప్పుకోవడానికీ లేదు. వేడిని కొలిచే సెన్సర్ ద్రవంలో మునిగి ఉంటేనే సరిగ్గా పలుకుతుంది. ద్రవమే జారిపోతే అది ఉత్త గాలిలో మిగిలిపోయి, అసలు వేడికన్నా తక్కువ చూపించగలదు.

కాబట్టి పక్కకు ఆపాలి, ఇంజను కట్టేయాలి, ఆగాలి. పని నేర్చుకునే కుర్రాడికి పాత మెకానిక్ మొదట నేర్పేది ఇదే: "మూత జోలికి పోకురా. ముందు చల్లారనీ, ఆ తర్వాతే చెయ్యి పెట్టు." మూత కింద సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడి ఉంటే, అందులో నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా నిలుస్తుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, ఆ నీరు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి చిమ్ముతుంది. వేదాంతం విచారణకన్నా ముందు శమదమాలను, అంటే మనసు, ఇంద్రియాల నిగ్రహాన్ని, అడిగింది ఇందుకేనని నాకనిపిస్తుంది. కోపంలోనో దుఃఖంలోనో ఉడికిపోతూ 'అసలు నేనెవరిని, నా బతుకెందుకు' అని లోపలికి తొంగిచూసినవాడికి దొరికేది ఆత్మజ్ఞానం కాదు, కాలిన గాయం.

చల్లారాక డబ్బా చూడాలి. ఈ చూడడంలోనే ఒక మోసం ఉంది, దాని దగ్గర కాస్త ఆగాలి. ఏళ్లు గడిచిన ప్లాస్టిక్ డబ్బా పసుపు తిరిగి మసకబారుతుంది. కూలెంట్ ఎప్పుడూ ఏ మట్టంలో నిలుస్తుందో అక్కడ లోపలి గోడకు ఒక చార పడుతుంది. డబ్బా ఖాళీ అయినా ఆ చార కనిపిస్తూనే ఉంటుంది, చూసినవాడు అదే నీటిమట్టం అనుకుంటాడు. అందుకే అనుభవజ్ఞుడు కారును పక్క నుంచి పట్టుకుని మెల్లగా ఊపుతాడు. అంచు కదిలితే అది నీరు, కదలకపోతే మరక. దీపాన్ని కాదనవలసిన ప్రత్యక్షానికి కూడా పరీక్ష తప్పదన్నమాట. లోపల నిండుగా ఉన్నామని చెప్పుకునే చాలామందిలో కనబడేది నిన్నటి భక్తి వదిలిన చారే కావచ్చు. జీవితం కాస్త కుదిపినప్పుడు అది కదులుతుందో లేదో తెలిసిపోతుంది.

అంచు కదిలి, మట్టం మినిమం, మాక్సిమం గీతల మధ్య ఉంటే బాధక జ్ఞానం కలిగినట్టే. ఇక కరణ దోషం వెతకాలి. దీపం వెలిగే తీరే సగం దారి చూపిస్తుంది. మలుపుల్లో, ఎత్తుపల్లాల్లో మాత్రమే మెరిసి ఆరిపోతుంటే మట్టం అంచు మీద ఉండి ఊగుతోందని అనుకోవచ్చు. తెల్లవారి చలికి వెలిగి, ఇంజను వేడెక్కాక ఆరితే, చల్లబడి కుంచించుకున్న ద్రవం నిజంగానే కాస్త తగ్గి ఉండవచ్చు. ఈ రెండుచోట్లా దీపాన్ని తప్పుపట్టడానికి లేదు. ఎప్పుడూ మారకుండా ఒకేలా వెలిగే దీపం మీదే అనుమానం పడాలి.

కొన్ని కార్లలో నీటి మీద తేలే బెండు, అందులో అయస్కాంతం, దాని పక్కన ఒక రీడ్ స్విచ్ ఉంటాయి. బెండు పాచి పట్టి ఇరుక్కున్నా, నీరు చేరి బరువెక్కినా పైకి లేవదు, దాంతో డబ్బా ఖాళీ అని కబురు పోతుంది. మరికొన్నింట్లో డబ్బాలో రెండు సన్నని లోహపు సూదులు ఉంటాయి. వాటి మధ్య ద్రవం గుండా కొద్దిపాటి విద్యుత్తు ప్రవహిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కనెక్టర్ ఊడదీస్తే కాళ్ల చుట్టూ ఆకుపచ్చని చిలుము కనిపించవచ్చు. లోపలి సూదులను టార్చి వేసి చూస్తే మట్టిరంగు పొర కమ్మి ఉండవచ్చు. సూదులు నిండా మునిగే ఉన్నాయి, కానీ ఆ పొర వాటిని నీటిని తాకనివ్వడం లేదు. వైరింగ్ డయాగ్రం చూసుకుని, ఈ రకం కనెక్టర్ రెండు కాళ్లనూ చిన్న తీగతో కలిపి చూస్తారు. దీపం ఆరిపోతే తీగలూ మీటర్ బోర్డూ బాగున్నాయని, దోషం సెన్సర్ దగ్గరే ఉందని తేలుతుంది.

ఈ సూదుల గురించి ఇంకో సంగతి ఉంది. డబ్బాలో ఉత్త డిస్టిల్డ్ వాటర్ నింపితే, నిండా ఉన్నా ఖాళీ అని చెప్పే అవకాశం ఉంది. శుద్ధమైన నీరు విద్యుత్తును దాదాపు పోనివ్వదు. అందులో కలిసిన లవణాల వల్లే సూదికి నీరు ఆనుతుంది. అంతఃకరణం తీరూ ఇదే. నామం, రూపం, గుణం ఏదో ఒకటి కలిస్తేనే ఉన్నదంటుంది, నిర్గుణాన్ని లేదని తోసేస్తుంది. గాఢనిద్రలో ఏమీ లేదని లేచాక మనం చెప్పేది అలాంటి నివేదికే.

ఇక అసలు విషయానికి వస్తాను. మనిషి లోపల పుట్టినప్పటి నుంచి ఒక దీపం వెలుగుతూనే ఉంది. ఏదో తక్కువైంది, నేను చాలను, ఇంకా కావాలి అని. ఉపనిషత్తు ఆత్మను పూర్ణమంటుంటే, మనసు రోజంతా వెలితి కబురే పంపుతుంది. విద్యారణ్యులు పంచదశిలోని తృప్తిదీపంలో పదో మనిషి కథను విస్తరించింది ఈ వెలితి గురించే. నది దాటిన పదిమందిలో లెక్కపెట్టేవాడు తనను వదిలేసి తొమ్మిదిమందినే లెక్కించి, పదోవాడు కొట్టుకుపోయాడని ఏడుస్తాడు. దారినపోయే ఒకాయన పదోవాడు బతికే ఉన్నాడంటాడు. తర్వాత, ఆ పదోవాడివి నువ్వేనని చూపిస్తాడు. అజ్ఞానం నుంచి తృప్తి దాకా ఏడు అవస్థలను విద్యారణ్యులు ఈ కథలోనే విప్పి చూపారు. కొట్టుకుపోయినవాడు ఎవడూ లేడు. చెడినది లెక్క.

దీపం ఆర్పాలని నిండిన డబ్బాలో ఇంకా ఇంకా పోసేవాళ్లున్నారు. మాక్సిమం గీత దాటి పోసిన కూలెంట్ వేడికి ఉబ్బి, మూతలోంచి పొంగి బయటికి పోతుంది. దీపం అలాగే ఉంటుంది. ఒక పదవి, ఒక ఇల్లు, ఇంకొంచెం పొగడ్త అని వెలితిలోకి పోసుకునే మన జీవితాలను తలుచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పోసినది చాలక కాదు. కొలిచే సూది మీద పొర ఉంది.

మరి పూర్ణమని తెలిసిందే, ఇంకా ఎందుకు వెలుగుతోంది? చాలామంది సాధకులు ఇక్కడే దిగులు పడతారు. వేదాంతులు భ్రమను రెండు రకాలుగా చూశారు. తాడని తెలియగానే పాము మాయమవుతుంది, అది నిరుపాధికం. ఎండమావి అలా కాదు. అక్కడ నీరు లేదని తెలిశాక కూడా ఎండ, ఇసుక ఉన్నంతసేపూ కనిపిస్తూనే ఉంటుంది, అది సోపాధికం. డబ్బా నిండుగా ఉందని కళ్లారా చూసి సీట్లో కూర్చున్నా దీపం వెలుగుతూనే ఉండడం ఈ రెండో కోవలోది. మోసపోవడం ఆగింది, కనిపించడం ఆగలేదు. తృప్తిదీపంలోనే విద్యారణ్యులు ఇంకో మాట అన్నారు. పదోవాడు తానేనని తెలిసి ఏడుపు మానాడు సరే, ఏడుస్తూ తల బాదుకున్న గాయం మానడానికి నెల పడుతుంది. అందుకే ఆయన జీవన్ముక్తివివేకంలో తత్త్వజ్ఞానంతో పాటు వాసనాక్షయాన్నీ మనోనాశాన్నీ కలిపి సాధన చేయమన్నారు. సూదుల మీది పొర ఒక్క చూపుతో ఊడిపోదు. కూలెంట్ తీసేసి, డబ్బా విప్పి, మెత్తని బ్రష్‌తో ఓపికగా రుద్ది కడగాలి. వదలకపోతే డబ్బాయే మార్చాలి. జపం, సేవ, నిష్కామకర్మ ఆ రుద్దడమే. వాటితో డబ్బా నిండదు, అది ముందే నిండి ఉంది.

ఇంత శ్రమ దేనికని దీపం మీద నల్లటేపు అంటించేవాళ్లు, పరీక్షకని పెట్టిన తీగముక్కను అలాగే వదిలేసేవాళ్లు ఉన్నారు. ఆ క్షణానికి మనశ్శాంతే. కానీ రేపు పంపులోంచి కూలెంట్ నిజంగా కారిపోతే చెప్పే నోరు ఉండదు. 'అంతా మిథ్య' అంటూ పక్కవాడి ఆకలినీ, తాను చేసిన అన్యాయాన్నీ లెక్కచేయని వేదాంతం ఈ తీగముక్క లాంటిదే. దాన్ని వైరాగ్యమని పిలవడం నాకు సమ్మతం కాదు.

మంచి మెకానిక్ దీపం ఆరగానే కారు అప్పగించడు. చల్లని ఇంజను మీద డబ్బాలోంచి కొంత కూలెంట్ పిచికారీతో తోడి, తాళం తిప్పి, ఇప్పుడు దీపం వెలుగుతోందా అని చూస్తాడు. వెలిగితే తోడినది మళ్లీ పోసి, మూత బిగించి, వారం తర్వాత పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మట్టం ఇంకోసారి చూసుకోమని చెప్పి పంపుతాడు.