ఆది ప్యాంటు

పెళ్ళినాటికి మావారి బరువు 58 కిలోలు. ఇరవై రెండేళ్ళ కాపురం తరవాత, మొన్న సంక్రాంతికి, 64. పెళ్ళిళ్ళలో కనిపించిన ప్రతి పెద్దావిడా "మీ ఆయన అప్పుడెలా ఉన్నాడో ఇప్పుడూ అలాగే ఉన్నాడే!" అంటుంటే, ఆ గొప్పంతా నాదే అయినట్టు కొంగు సర్దుకుని నవ్వేదాన్ని. ఆ నవ్వులో కొంచెం దొంగతనం ఉందని అప్పుడూ నాకు తెలుసు. ఇప్పుడు మీకు చెప్పేస్తున్నాను.

సంగతేమిటంటే, పండక్కి ఇంటికొచ్చిన మా అబ్బాయి వాళ్ళ నాన్నని వీధి చివర జిమ్ముకి లాక్కెళ్ళాడు. హాస్టల్లో చేరినప్పట్నుంచీ వాడు కండల భక్తుడయ్యాడు. అరిసెలు ముందు పెడితే "ఇందులో ప్రోటీను ఎంతుందమ్మా?" అని అడిగే స్థితికొచ్చాడు. (అరిసెలో ప్రోటీను వెతికేవాడికి పిల్లనెవరిస్తారో చూడాలి.) ఆ జిమ్ములో చెప్పులు విప్పి ఎక్కే యంత్రం ఒకటుందట. మనకి తెలియనంత చిన్న కరెంటుని పాదాల గుండా ఒంట్లోకి పంపుతుంది. కండలో నీరెక్కువ కాబట్టి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వు అడ్డం పడుతుంది. ఆ అడ్డాన్నిబట్టి కండ ఎంత, కొవ్వు ఎంత అని లెక్కకట్టి చీటీ ఇస్తుంది. మావారి చీటీలో కొవ్వు 28 శాతం అని వచ్చింది. మగవాళ్ళకి 25 దాటితే ఎక్కువ కిందే లెక్కట.

"ఆ మెషీను పాడైపోయింది" అన్నారు మావారు ఇంటికి రాగానే.

ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. నీళ్ళు బాగా తాగి ఎక్కితే ఒకలా, చెమటోడ్చి ఎక్కితే మరొకలా చెబుతుంది ఆ యంత్రం. దాన్ని పట్టుకుని మనిషికి శిక్ష వెయ్యలేం. కానీ మావాడు ఊరుకున్నాడా? నా కుట్టు మిషను సొరుగులోంచి టేపు తెచ్చి నాన్న నడుం చుట్టూ తిప్పాడు. 37 అంగుళాలు, అంటే 94 సెంటీమీటర్లు. మన మగవాళ్ళకి 90 దాటకూడదని 2009లో మన దేశపు డాక్టర్లే కూర్చుని చెప్పారు.

మావారు అప్పుడు సాండో బనియనులో ఉన్నారు. యూజిన్ సాండో అని, వందేళ్ళ కిందట కండలకి లోకమంతా పేరు మోగినాయన ఉండేవాడు. 1905 ప్రాంతంలో మన దేశానికీ వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్ళాడు. ఆయన కండలు ఆయనతో పోయాయి. పేరు మాత్రం మన మగవాళ్ళ పొట్టల మీద మిగిలింది.

చిన్నప్పుడు బెజవాడ స్టేషన్లో రంగు దీపాలు గిర్రున తిరిగే తూకం యంత్రం ఉండేది. బిళ్ళ వేస్తే టక్కున అట్టముక్క పడేది. ఒక పక్క బరువు, రెండో పక్క జాతకం. మా నాన్నగారు బరువు వైపు చూసేవారే కాదు. "వెనకేముందో చదవవే" అనేవారు. ఎప్పుడు చదివినా ఆయన ధైర్యవంతుడూ, నలుగురికీ సాయపడేవాడూ. ఆ అట్టముక్క అచ్చువేసినవాడెవరో మన స్వభావం బాగా కనిపెట్టాడని ఇప్పుడనిపిస్తుంది. మనిషి బరువు చూడగానే మనం వెనక్కి తిప్పి గుణం చదివేస్తాం. లావుగా ఉంటే తిండిపోతు, బద్ధకస్తుడు. సన్నగా ఉంటే నియమం గలవాడు. మావారు సన్నగా కనిపించినన్నాళ్ళూ నియమం గలవారు, నేను పద్ధతిగా వండిపెట్టే ఇల్లాలిని.

అసలు మనిషి ఇంత బరువుండాలని ఎవరు పెట్టారు? పందొమ్మిదో శతాబ్దంలో క్వెటెలే అనే బెల్జియం ఆయన నక్షత్రాల లెక్కలతో పాటు మనుషుల లెక్కల్లోకీ దిగి, సగటు మనిషి ఎలా ఉంటాడో వెతికాడు. బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగించే లెక్క ఆయన చలవే. 1940లలో మెట్రొపాలిటన్ లైఫ్ అనే అమెరికా బీమా కంపెనీ, తన పాలసీదారుల్లో ఎవరు ఎక్కువకాలం బతికారో చూసుకుని, ఏ ఎత్తుకి ఎంత బరువో పట్టిక వేసింది. సగటు మనిషి, బీమా కంపెనీకి నష్టం తేని మనిషి. ఈ ఇద్దర్నీ కలిపి మనం ఆదర్శ పురుషుడంటున్నాం!

ఆ లెక్కలో మావారు 168 సెంటీమీటర్ల ఎత్తుకి 22.7. మనవాళ్ళకి 23 లోపుంటే మంచిదంటారు. అంటే పాసే. మరి నడుమెందుకు తప్పింది? దీనికి జవాబు 2004లో ఇద్దరు డాక్టర్లు తమ ఫొటోతో సహా లాన్సెట్ వైద్యపత్రికలో పెట్టారు. ఒకరు పుణే యాజ్ఞిక్, ఇంకొకరు లండన్ యుడ్కిన్. ఎత్తూ బరువూ కలిపి చూస్తే ఇద్దరిదీ ఒకే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండనాయనకి 9.1 శాతం, మన ఆయనకి 21.2. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకోవడం మన జాతికి అలవాటన్నమాట. తన ఒంటినే సాక్ష్యంగా నిలబెట్టిన ఆ పుణే డాక్టరుగారంటే నాకు గౌరవం కలిగింది. పైగా వయసు మీదపడే కొద్దీ వాడని కండ తగ్గిపోతుంది, ఆ చోటులోకి కొవ్వు వచ్చి కూర్చుంటుంది. కాటాకి రెండూ ఒకటే. అందుకే ఇరవై రెండేళ్ళలో పెరిగినవి ఆరు కిలోలే అయినా, నడుం ఆరంగుళాలు పెరిగింది.

కాటాకి తెలియని ఆ సంగతి నాకు తెలుసు. అదే నా దొంగతనం.

మావారు రెడీమేడ్ ప్యాంట్లు తొడగరు. అలాగని టైలరు ముందు నిలబడి కొలతలివ్వమంటే బద్ధకం. ఆది ప్యాంటు పంపిస్తే సరిపోతుంది. ఆ ఆది బిగుతైనప్పుడల్లా నేనే వెనక కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డలోంచి ఓ అరంగుళం వదిలి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టేదాన్ని. ఆయనకి తెలియనిచ్చేదాన్ని కాదు. "ఈ టైలరు మంచివాడోయ్, ఇన్నేళ్ళయినా కొలత తప్పడు" అని మెచ్చుకునేవారు.

ఎందుకు చెప్పలేదంటే, బాధపడతారని అనుకున్నాను. అలా అనుకుంటే నాకు హాయిగా ఉండేది. కానీ నా జాకెట్లు బిగుతైనప్పుడు ఆయన ఊరుకున్నారా? "కాస్త నడవకూడదుటోయ్?" అని మా చెల్లెలి ఎదటే అన్నారు. ఆ రాత్రి నేను అన్నం మానేశాను, మర్నాటి నుంచి నడక మొదలుపెట్టాను. ఇవాళ నా బి.పి. అదుపులో ఉందంటే ఆ మాట వల్లే. ఆయన అన్న తీరు తప్పు, అన్న మాట తప్పు కాదు. నా తీరు బంగారం, మాటే లేదు.

"ఒళ్ళు చేసింది" అంటే ఆడదానికి దెప్పు. "ఒళ్ళు చేశాడు" అంటే మగవాడికి దీవెన, అతని పెళ్ళానికి మెప్పు. పెళ్ళయిన ఆర్నెల్లకి మా అత్తయ్యగారు కొడుకు బుగ్గలు తడిమి చూసి, "నా తల్లే, వాడికి నీ చేతి వంట పట్టింది" అన్నారు. అదే చిక్కిపోయుంటే ఆ నేరం ఎవరి మీద పడేదో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన పొట్ట నా వంటకొచ్చిన సర్టిఫికెట్టు. సర్టిఫికెట్టుని ఎవరు చింపుకుంటారండీ?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. జిమ్ము చీటీ చూసినప్పుడు నాకు లోలోపల సంతోషమేసింది. పెళ్ళిచూపులనాటి నుంచీ లావనీ సన్నమనీ ఆడవాళ్ళనే తూస్తారు కదా, ఇన్నాళ్ళకి ఓ మగవాడూ కాటా ఎక్కాడని. ఆ సంతోషం రెండు రోజులుంది. మూడోరోజు పరగడుపున రక్తం తీయిస్తే షుగరు 118 వచ్చింది. 100 దాటకూడదు. 126 అయితే జబ్బు కిందే లెక్క.

ఆ మర్నాటి నుంచి నేనేం చేశానో తెలుసా? కంచంలో అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోటు కనబడకుండా కూర పరిచాను. నెయ్యి గిన్నెలో చెంచా మార్చి చిన్నది వేశాను. నాలుగు రోజులు గడిచాక, ఓ పూట వడ్డిస్తూ నా చెయ్యి ఆగిపోయింది. అప్పుడు చెప్పకుండా గుడ్డ వదిలాను, ఇప్పుడు చెప్పకుండా అన్నం లాగేస్తున్నాను. మంచికైనా చెడ్డకైనా యాభయ్యోపడిలో పడుతున్న మనిషిని పసివాణ్ణి చేసి ఆడిస్తున్నాను. ఒంట్లో ఏం జరుగుతోందో ఆ ఒళ్ళు మోస్తున్నవాడికే తెలియకుండా చేసే హక్కు ఎంత ప్రేమ ఉంటే వస్తుంది? నాకు తోచలేదు. ఆ రాత్రి బీరువాలోంచి ఆది ప్యాంటు తీసి, వెనక కుట్టు తిప్పి చూపించి, అంతా చెప్పేశాను.

చాలాసేపు ఆ దారాలు చూస్తూ కూర్చున్నారు.

"ఎన్నిసార్లు విప్పావు?"

"లెక్కపెట్టలేదండీ. ఒకటి పాతదైతే ఇంకొకటి ఆది చేసేదాన్ని. అన్నీ కలిపి ఓ పన్నెండుసార్లుంటాయి."

"టైలరు మంచివాడనుకున్నాను" అన్నారు.

రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. కోపం పొట్ట గురించి కాదని నాకు తెలుసు. మూడోరోజు పొద్దున్నే లేచి నడకకి వెళ్ళారు. అబ్బాయికి ఫోన్ చేసి, కండ పెరగాలంటే ఏం ఎత్తాలో, ఎన్నిసార్లు ఎత్తాలో నాకు వినబడకుండా కనుక్కున్నారు. అన్నం ఎంత వడ్డించాలో ఇప్పుడు ఆయనే చెబుతున్నారు. ఒక్కోరోజు ఎక్కువే చెబుతారు. నేను అంతే వడ్డిస్తాను, "ఇది ఎక్కువండీ" అని మాత్రం అంటాను.

మొన్న ఆదివారం ఆ ప్యాంటే తెచ్చి నా మిషను మీద పడేశారు.

"కాస్త టైటు చెయ్యి."

"ఎంత చెయ్యమంటారు?"

"నీకు తెలియదా? ఆది నీ దగ్గరేగా ఉంది."

"ఈసారి ఆది కుదరదు. ఇలా వచ్చి నిలబడండి" అని టేపు తీశాను. నిలబడ్డారు. టేపు నడుం దగ్గరికి రాగానే ఛాతీ పైకి లేచింది, పొట్ట లోపలికి పోయింది.

"ఊపిరి వదలండి" అన్నాను.