మూల్యం - కర్తృత్వం

మిఠాయి దుకాణానికి పేరు పలక, వ్యాపార సంస్థకు క్యాలెండరు బొమ్మ: స్వతంత్ర చిత్రకారుని జీవిక ఇటువంటి పనులతోనే సాగుతుంది. పారితోషికం ముట్టిన పిదప ఆ చిత్రం ఎవరిది? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, మూల్యమిచ్చి వేయించుకొన్న వర్ణచిత్రానికి తొలి హక్కుదారు వేయించుకొన్నవారే. అయినా కర్తగా తన పేరు నిలుపుకొనే హక్కును, గౌరవభంగకరమైన వికృతీకరణను అడ్డుకొనే హక్కును 57వ సెక్షను చిత్రకారునికే మిగిల్చింది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ నుంచి 1979లో తొలగించిన కాంస్య కుడ్యశిల్పం విషయంలో 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ పక్షాన తీర్పునిచ్చింది. ఆ శిల్పాన్ని చేయించుకొన్నది ప్రభుత్వమే. న్యాయస్థానం మెట్లెక్కే స్తోమత లేని చిత్రకారునికి మాత్రం, బొమ్మ మూలనున్న సంతకం నిలవడమో చెరగడమో, వేయించుకొన్నవారి ధర్మబుద్ధిపైనే ఆధారపడి ఉంటుంది.