అడగకుండా ఎక్కిన దిబ్బ



అమెరికాలో నవాహో ప్రజల భూమిలోనున్న యాంటిలోప్ కేన్యన్ అను ఇరుకు రాతిలోయను చూడగోరితే, వారి గైడు వెంటనే నడవవలెను. 1997లో ఆకస్మిక వరదవలన అక్కడ 11 మంది చనిపోయిరి. మనవారు రుసుము చెల్లించి, నిలువమన్నచోట నిలిచి, వినయముగా చూచి వస్తారు. మంచిదే.

ఆ మనవారే సెలవులకు నరసాపురం వచ్చి, కోలారు దాటి కె.జి.ఎఫ్. వెళ్లి, సయనైడు దిబ్బలెక్కి ఫొటోలు దిగుతారు. ఎవరినీ అడగరు. అవి దేవుడు చేసిన కొండలు కావు. తమిళ, తెలుగు కూలీలు మైళ్ల లోతునుండి తెచ్చిన రాయిని దంచి, బంగారము తీసుకొన్నాక మిగిలిన పొడి. 2001లో గనులు మూతబడెను. ధూళి మాత్రము నేటికీ గాలికి లేచి ఇండ్లలో పడుచున్నది. నవాహోవారును యురేనియం గనులలో పనిచేసి, అట్టి దిబ్బల ప్రక్కనే బ్రతికినవారే.

భూమి హక్కుదారుని అడుగుట న్యాయము. మరి చెమట హక్కుదారునో? గైడు లేనిచోట మర్యాదయు అక్కరలేదా?

నేనును ఎక్కినవాడనే. దిగి వచ్చుచుండగా అరుగుమీదనున్న ముసలమ్మ, "పైన ఏమి చూస్తివి నాయనా?" అని అడిగెను. జవాబు చెప్పలేకపోతిని.