బిడాల వ్రతం ఎవరిది?

కురుక్షేత్ర యుద్ధానికి ముందు దుర్యోధనుడు ఉలూకుడి చేత ధర్మరాజుకు పంపిన కబురులో ఒక పిల్లి కథ ఉంది. గంగ ఒడ్డున చేతులెత్తి తపస్సు చేస్తున్న పిల్లిని నమ్మి ఎలుకలు దాని పంచన చేరాయి. తపస్సుతో నీరసించాను, రోజూ నన్ను నదిదాకా తీసుకుపొండి అందది. ఎలుకలు తగ్గుతూ వచ్చాయి, పిల్లి బలుస్తూ వచ్చింది. కందమూలాలు తినేదాని మలంలో వెంట్రుకలెందుకున్నాయని ఒక ఎలుక పసిగట్టేదాకా గుట్టు రట్టు కాలేదు. మహాబలిపురంలో 7వ శతాబ్దపు ‘అర్జున తపస్సు’ శిల్పంలోనూ ముందుకాళ్లు పైకెత్తి నిలబడ్డ పిల్లి, దాని చుట్టూ ఎలుకలు కనిపిస్తాయి. ఇలాంటి దొంగ నిష్ఠకే మనుస్మృతి బిడాల వ్రతమని పిల్లి పేరు పెట్టింది. ఆ పేరు పిల్లికి అన్యాయంగా అంటిందని నా అనుమానం.

జైనూర్‌లో మా మేనల్లుడు ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తున్నాడు. కుక్కల భయానికి గడప దాటనియ్యని రెండు పిల్లులు వాడికి తోడు. ఏరిన పత్తిని ఇంట్లో పోసుకునే కాలంలో ఆ కుప్పే వాటికి పరుపు. ఒంటికంటిన దూదితోనే వచ్చి కీబోర్డు మీద పడుకుంటాయి, వెచ్చగా ఉంటుంది మరి. తెర మీద కదిలే బాణం గుర్తు వాటి కంటికి పురుగు. పిల్లికి హుషారెక్కేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. అమెరికా వాళ్లతో మీటింగు మొదలయ్యేదీ, దేవుడి దగ్గర దీపం పెట్టేదీ మునిమాపుకే. ఒకటి బల్లెక్కి తోకతో కెమెరాను మూస్తుంది, ఇంకొకటి వత్తుల డబ్బా దొర్లిస్తుంది. “మామా, ఇది మళ్ల ఎక్కింది సూడు!” అని కేక.

తీరా చూస్తే, మీటింగులో గంభీరంగా తలాడిస్తున్నవాడి మనసు ఒళ్లోని ఫోనులో, క్రికెట్ స్కోరు మీద. పక్కగదిలో కళ్లు మూసుకుని జపమాల తిప్పుతున్న పెద్దల చెవులు వంటింట్లో పొయ్యి మీది పాల మీద. పిల్లి మాత్రం ఆకలైతే అరుస్తుంది, ఆడాలనిపిస్తే కొంగు గుంజుతుంది, మనతో పని లేకపోతే వీపు తిప్పుకుని పోతుంది. జపం చేస్తున్నట్టు నటించే పిల్లి ఇంతవరకు నా కంటపడలేదు.

మన పెద్దలు పిల్లికి గౌరవమైన పీట కూడా వేశారు. తల్లిపిల్లి మెడ పట్టి మోస్తుంటే కూన ఒళ్లు వదిలేసి వేలాడుతుంది. భగవంతుడు భక్తుణ్ణి కాపాడేదీ అలాగేనని తెంగలై వైష్ణవులు చెప్పేదే మార్జాల కిశోర న్యాయం. దక్షిణేశ్వరంలో రామకృష్ణ పరమహంస ఇంకో అడుగు ముందుకేశారు. అన్నింటా అమ్మే కనిపిస్తున్న ఆ రోజుల్లో కాళికకు పెట్టాల్సిన నైవేద్యాన్ని పిల్లికి తినిపించారు. గుడి అధికారి, పైనుంచి గుడి బాగోగులు చూసే మథుర్ బాబుకు ఫిర్యాదు రాస్తే, రామకృష్ణులు ఏం చేసినా అడ్డు చెప్పొద్దని జవాబొచ్చింది. తద్దినం నాడు పిల్లిని గంప కింద మూసిపెట్టే మన నిష్ఠకు అది మింగుడుపడని జవాబే.

ఇప్పుడు మావాడు మీటింగుకు ముందు పుల్లకు గుడ్డపేలిక కట్టి పిల్లుల్ని కాసేపు ఆడించి, తిండి పెడుతున్నాడు. వేట, తిండి, నిద్ర అన్నది వాటి వరస కాబట్టి, బల్ల పక్కన అట్టపెట్టెలో ముడుచుకుంటాయి. అన్ని రోజులూ కుదరదనుకోండి. వాడి చేతిలో ఫోను కనిపించనిది రోజు మొత్తంలో ఆ కాసేపే.