మూలము, వ్యాఖ్య: తెలుసుకొనేవాని బాధ్యత

బస్తరు సీమ దక్షిణపు అంచున, గోదావరికి చేరువలో ఉన్న తర్లగూడ గ్రామం పాలనాపరంగా ఎన్నో చేతులు మారింది. 1948లో బస్తరు సంస్థానం విలీనమైనప్పుడు మధ్య పరగణాలు–బేరారులో చేరింది. ఆపై మధ్యప్రదేశ్‌లో ఉండి, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోకి వచ్చింది. జిల్లా కేంద్రం మొదట జగదల్‌పూర్, 1998 నుంచి దంతెవాడ, 2007 నుంచి బీజాపూర్. ఇన్ని మార్పుల మధ్య ఆ ప్రాంతపు ఇంటి భాషలు మాత్రం మారలేదు. తెలుగు, దోర్లా, గోండి మాటలు అక్కడ కలిసి వినిపిస్తాయి. బడిలోనూ కచేరీలోనూ హిందీ; నదీజలాల ట్రిబ్యునళ్ళ తీర్పులలో ఇంగ్లీషు. వార్తలు, వాటిపై వ్యాఖ్యలు మాత్రం సరిహద్దు ఇవతలి నుంచి తెలుగులో అందుతాయి.

ఈ అమరికలో ఒక నైతిక ప్రశ్న దాగి ఉన్నది. తన నేలను గురించిన నిర్ణయం మనిషికి పరాయి భాషలోనూ, దానిపై ఇతరుల అభిప్రాయం సొంత భాషలోనూ చేరుతున్నప్పుడు, అతడు ఏది తెలుసుకొన్నట్లు? మూలాన్ని చదవవలసిన బాధ్యత ఎవరిపై ఎంత ఉన్నది?

గోదావరి జలవివాదాన్నే ఉదాహరణగా తీసుకొందాము. 1969లో ఏర్పడి జస్టిస్ బచావత్ అధ్యక్షతన పనిచేసిన ట్రిబ్యునల్ 1980 జూలై 7న తుది తీర్పునిచ్చింది. ఆ తీర్పును ఎరగని వ్యాఖ్యాత తెలుగునాట లేడు. దాని పుటలు తిరగవేసినవారు మాత్రం కొద్దిమందే. ‘ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు బచావత్ 1486 టి.ఎం.సి.లు ఇచ్చినాడు’ అన్న మాట సభలలో, పత్రికలలో తరచుగా వినవస్తుంది. తీర్పును తెరిచి చూస్తే ఆ మొత్తాన్ని ఒక్క చోట ఒక రాష్ట్రానికి రాసియిచ్చిన వాక్యం కనిపించదు. అది ప్రధానంగా 1975 నుంచి 1980 వరకు రాష్ట్రాలు తమలో తాము కుదుర్చుకొన్న ఒప్పందాలపై నిలిచిన తీర్పు. ఫలానా చోటికి ఎగువన ఫలానా రాష్ట్రం నీటినంతా వాడుకోవచ్చును, దిగువన ఇంత మేరకే వాడుకోవలెను అన్న పద్ధతిలో, ఉపనదీ క్షేత్రాల వారీగా అది సాగుతుంది. ఆ సంఖ్య నీటి లభ్యతను లెక్కించగా వచ్చిన అంచనా. అంచనాకు తీర్పు గౌరవం కట్టబెట్టి వాదించుకొన్నవారిలో ఎవరు గెలిచినా, ఆ గెలుపు తీర్పులో లేని మాటపై ఆధారపడినదే అవుతుంది.

బస్తరు వాసికి నేరుగా సంబంధించిన విషయాలు ఆ పత్రంలో వేరే ఉన్నవి. ఇంద్రావతిలో ఒడిశా తన సరిహద్దు వద్ద దిగువ రాష్ట్రానికి వదలవలసిన నీరు 45 టి.ఎం.సి. అని ఉన్నది. ఇచ్చంపల్లి ప్రాజెక్టును మూడు రాష్ట్రాలు అంగీకరించిన నీటిమట్టంతో ఉమ్మడిగా చేపట్టవలెనని ఉన్నది. పోలవరం వల్ల నీరు ఎగదన్నే కోంట ప్రాంతానికి గట్లు కట్టి రక్షణ కల్పించవచ్చునని, లేదా ముంపు రాష్ట్రం కోరితే ఆ భూములకు, ఇళ్ళకు పరిహారం ఇవ్వవచ్చునని, ఆ ఎంపిక ముంపు రాష్ట్రానిదేనని ఉన్నది. ఎంచుకొనే హక్కు ఉన్నదని తెలియనివాడు ఎంచుకోలేడు. వ్యాఖ్యలో ప్రాజెక్టు పొగడ్తకో తెగడ్తకో గురి అయితే, మూలంలో అది ఒక షరతుల జాబితా. ఆపదలో మనిషికి అక్కరకు వచ్చేది ఆ జాబితాయే.

మరొక చిక్కు కూడ ఉన్నది. ఆ తీర్పులో ఛత్తీస్‌గఢ్ అన్న రాష్ట్రం గాని, తెలంగాణ అన్న రాష్ట్రం గాని కనిపించవు. రెండూ తరువాత పుట్టినవి. ‘మధ్యప్రదేశ్’ అన్న చోట తన ఊరిని చదువుకోగలిగిన పాఠకునికే ఆ పత్రం పలుకుతుంది. గోదావరి–కావేరి అనుసంధాన ప్రతిపాదనతో ఇచ్చంపల్లి పేరు, ఛత్తీస్‌గఢ్ వాడుకోకుండా ఉన్న నీటి ప్రస్తావన మళ్ళీ ముందుకు వచ్చిన ఈ కాలంలో ఈ చదువు పండితుల వినోదమని తోసివేయడానికి వీలు లేదు.

అట్లని వ్యాఖ్యను నిందించడం భారతీయ సంప్రదాయానికి తగదు. సూత్రానికి భాష్యం, కావ్యానికి టీక లేకుండా మన విద్య సాగలేదు. మెదకు సీమలోని కొల్చారం పేరు ఇంటిపేరుగా గల కోలాచలం మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ప్రతిన పట్టినాడు. ఆ ప్రతిన ఎంత గొప్పదో, దానిని నిలిపిన ఏర్పాటూ అంత గొప్పది. శ్లోకం పైన, టీక కింద ఉండేవి. పాఠకుని కన్ను ఒక్క గీత పైకి జరిగితే చాలు, వ్యాఖ్యాత మాట నిజమో కాదో తేలిపోయేది. నేటి వార్తావ్యాఖ్యలో టీక మిగిలినది, శ్లోకం మాయమైనది. సరిచూసే అవకాశాన్ని తీసివేసి నమ్మకాన్ని మాత్రం అడగడమే అందలి దోషం.

అయితే మూలం చేత పట్టగానే సత్యం చేతికి వచ్చినదనుకోవడం మరొక భ్రమ. దంతెవాడ దంతేశ్వరీ ఆలయంలో 1703 నాటి దిక్పాలదేవుని శాసనం ఉన్నది. ఓరుగల్లు కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజు బస్తరు రాజవంశానికి మూలపురుషుడని అది చెబుతుంది. ఓరుగల్లు పతనం 1323లో. శాసనానికీ సంఘటనకూ నడుమ 380 సంవత్సరాల ఎడం. కనుక ఆ రాయి 1703లో రాజాస్థానం తన వంశాన్ని గురించి ఏమి నమ్మినదో, ఏమి చాటదలచినదో దానికి ప్రత్యక్ష సాక్ష్యం; 1323లో జరిగినదానికి అది దూరపు సాక్ష్యం మాత్రమే. ప్రతి పత్రానికీ రాసినవాడు, రాసిన కాలం, రాయవలసి వచ్చిన అవసరం ఉంటాయి. ప్రాజెక్టు నివేదికకైనా, సర్వే పట్టికకైనా ఇదే న్యాయం.

అన్నీ అందరూ చదవగలరా అన్న ప్రశ్న న్యాయమైనదే. చదవలేరు. అందుకే మన తార్కికులు ప్రత్యక్షం, అనుమానం మొదలైన వాటితో పాటు ఆప్తుని మాటను కూడ ప్రమాణంగా అంగీకరించినారు. ఆప్తుడనగా విషయం తెలిసినవాడు, తెలిసినది తెలిసినట్లు చెప్పగోరేవాడు. తనకు హాని, లాభం లేని విషయాలలో అట్టివాని మాటపై ఆధారపడటంలో తప్పు లేదు. ఒకరి ఇల్లు, పొలం, నీరు ఆధారపడిన విషయంలో తీర్పు చెప్పబూనినవాడు మాత్రం, ఆ పని ఓటుతో చేసినా, కలంతో చేసినా, సంతకంతో చేసినా, కనీసం ఆ భాగపు మూలాన్ని చూచి తీరవలెను. చదవకుండా అభిప్రాయపడే స్వేచ్ఛకు మూల్యం చెల్లించేది చాలాసార్లు వేరొకడు.

ఈ నియమం అధికారికి మరింత గట్టిగా వర్తిస్తుంది. కార్యాలయపు దస్త్రంలో నోట్ ఫైలు ఒకటి, కరెంట్ ఫైలు ఒకటి ఉంటాయి. అసలు అర్జీ, నివేదిక, పటము రెండవదానిలో. వాటి సారాంశం, సలహా మొదటిదానిలో. పనితొందరలో నోటు చదివి సంతకం చేయడం సులువు. ఆ నోటు కూడ ఒక వ్యాఖ్యయే. అర్జీదారు తన చేత్తో రాసిన కాగితాన్ని తిప్పి చూడని సంతకం, పత్రికావ్యాఖ్య విని నది గురించి తీర్పు చెప్పినవాని మాటకు సాటి వచ్చేదే.

చదివేవాని బాధ్యతకు ముందు అందించేవాని బాధ్యత ఉన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ విభాగం, సమాచారాన్ని వెల్లడించేటప్పుడు స్థానిక భాషను గమనంలో ఉంచుకొనవలెనని చెబుతున్నది. 2013 నాటి భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ నివేదికను స్థానిక భాషలో అందుబాటులో ఉంచవలెనంటున్నది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించవలెనని విధించింది. తర్లగూడ వంటి చోట ఆ ‘స్థానిక భాష’ ఏది? రాష్ట్రపు భాషలో ప్రతి పెట్టి చేతులు దులుపుకొంటే చట్టపు అక్షరం నెరవేరవచ్చు. ఇంటిలో తెలుగో దోర్లానో మాట్లాడే సభ్యులు చదవలేని కాగితం చుట్టూ కూర్చుంటే దానిని సంప్రదింపు అనడం కష్టం. అట్టి చోట మూలం చదవలేదని గ్రామస్థుని నిందించడం అన్యాయం. సొంత భాషలో అందినదానినే అతడు వింటాడు, అది వ్యాఖ్యయే అయినా.

దిక్పాలదేవుని శాసనంలో వంశకథ ఎంత నమ్మదగినదైనా కాకపోయినా, ఒక విషయంలో ఆ రాజు ముందుచూపు ప్రశంసనీయం. ప్రశస్తిని ఒక రాతిపై సంస్కృతంలో చెక్కించి, కలియుగంలో సంస్కృతం చదివేవారు కొద్దిమందే కనుక అదే విషయాన్ని రెండవ రాతిపై జనభాషలో చెక్కించినాడు. ఆ కారణాన్ని కూడ రాతిపైనే చెప్పించినాడు. మూడు వందల ఏళ్ళ క్రిందట బస్తరులోనే ఒక పాలకునికి తోచిన ఈ ఏర్పాటు నేటి పాలనకు భారం కారాదు. ట్రిబ్యునల్ తీర్పులో ఆ ప్రాంతానికి వర్తించే నాలుగు పుటలను తెలుగులో, దోర్లాలో, గోండిలో పంచాయతీ గోడకు అంటిస్తే చాలును. ఆ తరువాత వ్యాఖ్యాతలు ఎంతమంది వచ్చినా భయం లేదు. వినేవాడు గోడవైపు తలతిప్పి చూచుకోగలడు.